పాత స్టేషన్ వ్యాగన్ ఇప్పుడు కొనచ్చా? తిరుపతి, చిత్తూరు వాళ్లు చెప్పండి

దామలచెరువు_తోట: అన్నలూ, బెంగళూరులో 2006 టాటా ఇండిగో మెరీనా డీజిల్ వ్యాగన్ (డిక్కీ మీద దాకా కప్పు సాగిన కారు) ఒకటి చూసినాను. ఇంట్లో అమ్మా నాన్నా, నేను, నా భార్య, పాప. సీజన్లో తోట నుంచి బేనీషా మామిడి క్రేట్లు తేవాలి, నెలకోసారి తిరుమల పోవాలి. మూడు వరుసల సీట్లుండే సెకండ్ హ్యాండ్ మారుతి ఎర్టిగాకి అడుగుతున్న దాంట్లో సగం కూడా లేదు దీని ధర. వెనక గేటు ఎత్తి చూసినప్పటి నుంచి మనసంతా దాని మీదే ఉంది. తీసుకోవచ్చా?

చంద్రగిరి_కోట: తీసుకో. నేను ఇదే బండి 11 ఏళ్లుగా నడుపుతున్నాను. అలిపిరి దగ్గర ఏం జరుగుతుందో అందరికీ తెలుసు, సామాన్లన్నీ దించి స్కానింగ్‌కి పెట్టి మళ్లీ ఎక్కించాలి. పెద్ద బండ్ల వాళ్లు సూట్‌కేసులు ఛాతీ దాకా లేపుతుంటారు. నా బండి డిక్కీ అంచు నా మోకాలికి కాస్త పైన ఉంటుంది, మా అమ్మ కూడా తన సంచి తనే పెట్టుకుంటుంది. ఘాట్‌లో మలుపు తిప్పినా బండి ఒరగదు, వెనక కూర్చున్న వాళ్లకి వాంతులు రావు. కారులా నడుస్తుంది, ఆటో ట్రాలీ అంత మోస్తుంది. ఇంకేం కావాలి?

పలమనేరు_రోడ్డు: వద్దు. ఎర్టిగా మూడో వరుస మడిస్తే అందులోనూ బోలెడు పడుతుంది. 20 ఏళ్ల బండి ఎందుకు?

చంద్రగిరి_కోట: మూడో వరుస నిలబెడితే మిగిలేది 209 లీటర్లు, రెండు బ్యాగులు. మడిస్తే ఐదుగురే కూర్చోవాలి. అప్పుడది కూడా వ్యాగనే కదా, డబ్బు మాత్రం రెండింతలు.

పలమనేరు_రోడ్డు: స్పేర్లు దొరికే వ్యాగన్ అది. నేను చెప్పేది అదే.

రేణిగుంట_03: అంత మంచి బండ్లయితే కంపెనీలు ఎందుకు ఆపేశాయి?

చంద్రగిరి_కోట: మంచిది కాక ఆపలేదు. వ్యాగన్లలో 1992లో టాటా ఎస్టేట్ వచ్చింది, తర్వాత మారుతి బెలెనో ఆల్టురా, స్కోడా ఆక్టేవియా కాంబీ వచ్చాయి, మెరీనా 2004లో వచ్చింది. ఎక్కువ అమ్ముడుపోలేదు, ఒప్పుకుంటాను. దానికి తోడు 2006 బడ్జెట్‌లో 4 మీటర్ల లోపు పొడవుండి, పెట్రోల్ అయితే 1200 సీసీ, డీజిల్ అయితే 1500 సీసీ దాటని కార్లకి ఎక్సైజ్ పన్ను 24 నుంచి 16 శాతానికి తగ్గించారు. మెరీనా పొడవు 4 మీటర్లు దాటుతుంది. వెనక జాగా కోసం చేసిన బండిని కురచ చేయలేరు కదా. అక్కడి నుంచి అందరూ డిక్కీ కోసేసి పొట్టి కార్లు చేయడం మొదలుపెట్టారు. 2025 సెప్టెంబర్ నుంచి జీఎస్టీలో కూడా అదే గీత, చిన్నవాటికి 18 శాతం, మిగతా పెట్రోల్, డీజిల్ కార్లకి 40.

కాణిపాకం_దారి: కాగితాల సంగతి చూసుకో తమ్ముడూ. 2006 బండికి 15 ఏళ్లు నిండి 2021లో ఆర్సీ రెన్యువల్ అయి ఉండాలి. ఐదేళ్లకే ఇస్తారు, అంటే 2026లో మళ్లీ. కర్ణాటక ఆర్టీఓ నుంచి ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే కాగితం) తెచ్చుకుని ఇక్కడ లైఫ్ ట్యాక్స్ కట్టాలి. అవన్నీ కలిపి ధర లెక్కేసుకో.

పలమనేరు_రోడ్డు: స్పేర్ల మాట ఎవరూ ఎత్తరేం? వెనక లైటు పగిలితే?

చంద్రగిరి_కోట: ముందు సగం మామూలు ఇండిగోనే, ఇంజన్ సామాన్లు ఏ ఊళ్లో అయినా దొరుకుతాయి. వెనక గేటు, వెనక లైట్లు, వెనక పక్క కిటికీల అద్దాలు మాత్రం దీనికే ప్రత్యేకం. ఎడమ లైటు కోసం చెన్నైలో పాత బండ్ల సామాన్లు అమ్మే పుదుపేటలో రెండు ఆదివారాలు తిరిగాను. మూడో సందులో, నూనె మరకలు పట్టిన గోనెసంచి కింద దొరికింది. దుమ్ము తుడిచి ఎండకి పట్టి చూస్తే ఎర్ర అద్దం మీద ఒక్క గీత లేదు. ఆ రోజు ఇంటికొచ్చిన ఆనందం నాకు షోరూమ్‌లో ఎన్నడూ రాలేదు. వెతకడం కూడా ఈ బండిలో భాగమే.

పలమనేరు_రోడ్డు: ఆదివారాలు నీవి. బండి ఆగిపోయేది మాత్రం ఆదివారం కాదు.

రేణిగుంట_03: ఇద్దరూ లైటు దగ్గరే ఆగిపోయారు.

చంద్రగిరి_కోట: సరే, లైటు వదిలేయ్. మా నాన్నకి తుంటి ఎముక విరిగిన రాత్రి అంబులెన్స్ వచ్చేలోపు వెనక సీటు మడిచి, పరుపు పరిచి, నలుగురం దుప్పటితో సహా లోపలికి జరిపాం. వేలూరు దాకా అమ్మ ఆయన చెయ్యి పట్టుకుని పక్కనే కూర్చుంది. ఏ ఎస్‌యూవీలో ఆ ఎత్తుకి లేపేవాళ్లం? ఈ బండిని మాట అంటే నాకు కోపం వస్తుంది.

పలమనేరు_రోడ్డు: నాకూ వస్తుంది కోపం. రెండేళ్ల కిందట ఇక్కడే నేనూ ఇలాగే అడిగాను. ‘కళ్లు మూసుకుని కొను’ అని రాసింది నువ్వే. కొన్నాను. నా భార్యకి ఎనిమిదో నెల, రాత్రి పదిన్నరకి మొగిలి ఘాట్‌లో బానెట్ నుంచి ఆవిరి. హెడ్ గ్యాస్కెట్ (ఇంజన్ పైభాగం కింద ఉండే సీలు) పోయింది. లారీలు పక్క నుంచి పోతుంటే ఆమె రెండు గంటలు రాయి మీద కూర్చుంది. ఎవరూ ఆపలేదు. నాకు ఈ రోజుకీ ఆ రాయి కనిపిస్తుంది.

చంద్రగిరి_కోట: ఆ విషయం నాకు తెలియదు. చాలా బాధగా ఉంది. కానీ రేడియేటర్, హోస్ పైపులు మార్చమని కూడా రాశాను కదా.

పలమనేరు_రోడ్డు: రాశావు. రాయనిది ఒకటుంది. మీ ఇంట్లో ఇంకో కారు ఉందని రాయలేదు. వేరే చర్చలో నువ్వే చెప్పావు, మీ ఆవిడ డ్యూటీకి కొత్త కారులో పోతుందని. నీ వ్యాగన్ పుదుపేట సామాను కోసం నెల రోజులు షెడ్డులో ఉన్నా మీ ఇంట్లో పని ఆగదు. మాకున్నది అదొక్కటే. నీకు ఇష్టం, నాకు అవసరం. వ్యాగన్ మంచిదా చెడ్డదా అని ఇంతసేపూ కొట్టుకున్నాం, నా గొడవ అది కానే కాదు.

కాణిపాకం_దారి: ఇది మొదటే చెప్పాల్సిన మాట.

చంద్రగిరి_కోట: నిజమే, చెప్పాల్సింది. ఆ బండి మీద ఇష్టంలో నాకు తట్టలేదు. అయినా ఒకటే కారు ఉన్నవాళ్లు పాత వ్యాగన్ కొనకూడదు అంటే మాత్రం ఒప్పుకోను. మా ఇంట్లోనూ మొదటి ఐదేళ్లు అదొక్కటే.

పలమనేరు_రోడ్డు: అప్పుడు దాని వయసెంత? ఇప్పుడెంత?

దామలచెరువు_తోట: అన్నా, మాకూ అదొక్కటే కారు అవుతుంది. ఆదివారం చూడ్డానికి పోదామనుకున్నాను.

చంద్రగిరి_కోట: నేనూ వస్తాను, బస్సు చార్జీ నాదే. గ్యాస్కెట్ పోయిందో లేదో ఇంజన్ చల్లగా ఉన్నప్పుడే చూడాలి, రేడియేటర్ మూత తీసి నీళ్ల మీద నూనె తేలుతోందా చూస్తాను, మొదటి స్టార్టింగ్‌కి తెల్ల పొగ వస్తుందా చూస్తాను. ముందుగా స్టార్ట్ చేయొద్దని బ్రోకర్‌కి చెప్పు.

దామలచెరువు_తోట: ఇప్పుడే ఫోన్ చేశాను. ‘మీరు వచ్చేసరికి వేడి చేసి పెడతాను, చల్లగా ఉంటే స్టార్టింగ్ లేటు’ అంటున్నాడు. రెండోసారి అడిగితే ఫోన్ పెట్టేశాడు.

పలమనేరు_రోడ్డు: పోవద్దు.

చంద్రగిరి_కోట: అవును, ఆ బండికి వద్దు. ఇంకొకటి వెతుకుదాం.