కురిబయాషి పద్యంలో చివరి మాట: "విషాదం"నా, "ఉక్రోషం"ఆ?

తంగేడుపూలు:
రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికన్లతో ఇవో జిమా దీవి మీద జరిగిన పోరులో జపాన్ సేనాపతి కురిబయాషి చనిపోయే ముందు టోక్యోకి పంపిన పద్యం ఒకటి, ఎప్పుడో ఒక వారపత్రికలో తెలుగులో చదివాను. "దేశం మోపిన బరువు దించలేక, అమ్ములన్నీ అయిపోయి రాలిపోతున్నాను" దాకా గుర్తుంది. ఆ తర్వాత "ఎంత విషాదం" అని ఒకసారి, "ఎంత ఉక్రోషం" అని ఒకసారి నోటికొస్తోంది. రెంటికీ బోలెడు తేడా ఉంది కదా. మూలం తెలిసినవాళ్లు చెప్పండి, మనసు అక్కడే ఇరుక్కుపోయింది.

సుమిదా_ఒడ్డు:
రెండూ అచ్చయినవేనండీ. 1945 మార్చి 16న ఆయన పంపిన వీడ్కోలు టెలిగ్రాం చివర మూడు తంకాలున్నాయి, అంటే అయిదు పాదాల జపాన్ పద్యాలు. మొదటిది ఇది:
"కుని నొ తమె / ఒమొకి త్సుతొమె ఒ / హతషి ఎదె / యదమ త్సుకిహతె / చిరు జొ కనషికి"
"కనషికి" అంటే దుఃఖమే. పత్రికల్లో వచ్చేసరికి ఆ మాట తీసేసి "కుచిఓషి" అని పెట్టారు. అంటే పరాభవం మింగుడుపడకపోవడం, మీరన్న ఉక్రోషానికి దగ్గరిది. యుద్ధం ఇంకా నడుస్తుండగా సేనాపతి దుఃఖపడ్డాడని జనానికి చెప్పడం పైవాళ్లకి ఇష్టం లేదు. మీరు చదివిన అనువాదకుడు ఏ పాఠం చూశాడన్నదే అసలు ప్రశ్న.

ఛందోదాసు:
మాత్రలు లెక్కపెట్టి చూడండి. చి-రు-జొ-క-న-షి-కి, ఏడు. చి-రు-జొ-కు-చి-ఓ-షి, ఏడు. దిద్దినవాడికి లెక్క తెలుసు. దొరికిపోయింది వ్యాకరణం దగ్గర. పాత జపనీస్‌లో "జొ" అనే అవధారణార్థకం (నొక్కి చెప్పే మాట) పడిందంటే చివరి విశేషణం "కి"తో ముగియాలి. అందుకే ఆయన "కనషి" అనకుండా "కనషికి" అన్నాడు. ఆ లెక్కన రెండోది "కుచిఓషికి" కావాలి, అప్పుడు ఎనిమిది మాత్రలవుతాయి. అందుకని "కి"ని కోసేశారు. ద్రుతం ఉండాల్సిన చోట ఎగరగొడితే మన చెవికి ఎలా తగులుతుందో అలాగే తగులుతుందది. ఏది అసలో ఏది అతుకో చెప్పడానికి నాకు ఆ ఒక్క "కి" చాలు.

సుమిదా_ఒడ్డు:
మాస్టారూ, బాగా పట్టారు. కాకపోతే ఆ నియమం 1945 నాటికి వాడుకలో లేదు, పద్యాల్లోనే బతికింది. పద్యాల్లో కూడా అందరూ పాటించలేదు. కాబట్టి "కి" లేదని అనుమానించవచ్చు, అదే రుజువు అనలేం.

మేడమీదగది:
చిన్న సవరణ. దీవి పేరు 2007 నుంచి అధికారికంగా "ఇఓ తో". యుద్ధానికి ముందు అక్కడ కాపురమున్నవాళ్లు పిలిచిన పేరు అదేనట. రెంటికీ రాత ఒకటే, అర్థం గంధకపు దీవి. చర్చ ఉచ్చారణ మీద కాబట్టి చెప్పాను.

గోదారిగట్టు:
అందరూ చివరి మాట పట్టుకుని వేలాడుతున్నారు. నాకు "రాలిపోతున్నాను"తోనే పేచీ. "చిరు" పూరేకులు రాలడానికి వాడే క్రియ కాబట్టి "రాలు" సరైనదే. మన పేపర్లవాళ్లలా "నేలకొరిగారు" అని ఉంటే పద్యం చచ్చేది. ఒరిగేది చెట్టు, రాలేది పువ్వు. కానీ ఆ "న్నాను" ఎక్కడిది? జపనీస్‌లో కర్త లేడు. తెలుగు క్రియకి తోక తప్పదు కనక అనువాదకుడు "నేను"ని తగిలించాడు. నా ఓటు "రాలిపోతున్నాం"కి. టెలిగ్రాంలో పద్యాల ముందున్న వచనమంతా తన మనుషుల గురించే. ఉత్త చేతులతో పోరాడారు, వాళ్ల పోరు చూస్తే భూతాలకైనా ఏడుపొస్తుంది అన్నాడు. దీవి మీద ఇరవై వేలకు పైగా జపాన్ సైనికులుంటే, ఫిబ్రవరి 19 నుంచి మార్చి 26 దాకా సాగిన పోరులో బందీలుగా చిక్కి బతికింది రెండు వందల పైచిలుకు. అంతమంది పోతుంటే ఒక్కడి "నేను" ఎలా ఒప్పుకుంటాం?

పాతకట్ట:
ఒప్పుకోవాలండీ. "హతషి ఎదె", అంటే నెరవేర్చలేక. ఆ బాధ్యత ఎవరిది? సేనాపతిది. సిపాయిలు వాళ్ల పని వాళ్లు చేశారని ఆయనే రాశాడు కదా. పైగా మనిషిని చూడండి. అమెరికాలో చదువుకుంటూ పిల్లవాడికి బొమ్మలు గీసి ఉత్తరాలు రాసినవాడు. దీవి మీద నుంచి భార్యకి రాసిన ఉత్తరంలో, వంటింటి నేల సందుల్లోంచి వచ్చే చలిగాలికి ఏదో ఒకటి చేయకుండానే వచ్చేశానని బాధపడ్డాడు. బాంజాయ్ అని అరుస్తూ ఎదురెళ్లి ఊరికే చావొద్దని తన సైన్యాన్ని కట్టడి చేసినవాడు. గంధకపు వేడిలో పద్దెనిమిది కిలోమీటర్ల దాకా సొరంగాలు తవ్వించి, ఒడ్డు వదిలేసి లోపల్నుంచి కొట్టించాడు. అలాంటివాడు "కనషికి" అంటే అది ఒక మనిషి గొంతు. "మేము" అని పెట్టగానే ప్రకటన అయిపోతుంది.

గోదారిగట్టు:
వంటింటి మాట నాకూ తెలుసు. మిగతా రెండు పద్యాలు కూడా చూడాలి. రెండోదాంట్లో పగ తీరకుండా కుళ్లిపోను, ఏడుసార్లు పుట్టి ఈటె పడతానంటాడు. అక్కడ మూలంలోనే "వరె" అని "నేను" ఉంది. మొదటిదాంట్లో లేదు. కావాలనే వదిలాడని నా నమ్మకం.

డల్లాస్_తెలుగు:
అవతలివాళ్ల వాక్యం కూడా తలుచుకోవాలి. ఆ మార్చి నడుమే అమెరికా నౌకాదళ అడ్మిరల్ నిమిట్జ్ అన్నాడు, ఇవో మీద పోరాడిన అమెరికన్లలో "అసామాన్య పరాక్రమం సామాన్య గుణమైంది" అని. అమెరికాలో ఆర్లింగ్టన్‌లోని యుద్ధ స్మారకం మీద అదే చెక్కారు. ఇంగ్లీషులో ఉన్న విరుపు తెలుగులోకి చక్కగా వస్తుంది, సంస్కృతం పుణ్యం. దాదాపు 6,800 మంది అమెరికన్లు పోయారక్కడ. అంతకుముందు గ్వాడల్‌కెనాల్ దీవి పోరులో వీరుడనిపించుకున్న బాసిలోన్ మొదటిరోజే పోయాడు. ఫిబ్రవరి 23న ఆ దీవిలోని సురిబాచి కొండ మీద అమెరికా జెండా ఎత్తుతున్న పేరుమోసిన ఫొటోలోని ఆరుగురిలో ముగ్గురు ఆ దీవి దాటలేదు. ఆ ఆరుగురి పేర్లు కూడా 2016లో ఒకటి, 2019లో ఒకటి దిద్దారు. హెరాల్డ్ షుల్ట్జ్, హెరాల్డ్ కెల్లర్ అని ఇద్దరు, తమ జీవితకాలమంతా ఆ గుర్తింపు లేకుండానే వెళ్లిపోయారు. పద్యంలో మాట మారినా, ఫొటో కింద పేరు మారినా నష్టం ఒకటే.

సుమిదా_ఒడ్డు:
ఒక ముఖ్యమైనది ఎవరూ అనలేదు. 1994లో అకిహితో చక్రవర్తి ఆ దీవికి వెళ్లి ఒక తంకా రాశారు. ప్రాణం పెట్టి పోరాడినవాళ్లు ఇంకా భూమి కిందే నిద్రపోతున్నారు అని చెప్పి, "షిమ వ కనషికి" అని ముగించారు. దీవి దుఃఖం అని. సేనాపతి నోట తీసేసిన మాట చక్రవర్తి నోట వచ్చింది.

ఛందోదాసు:
అబ్బ! నా "కి" చూశారా? "జొ" ఉంటే "కి" రావాలి. ఇక్కడ ఉన్నది "వ". దాని తర్వాత "కనషి" అన్నా వాక్యం పూర్తయిపోతుంది. అయినా "కనషికి" అన్నారు. మాత్ర కోసమని ఎవరైనా అనవచ్చు, నేనొప్పుకోను. కోసేసిన అక్షరాన్ని తెచ్చి మళ్లీ అతికించారు. ఇక తెలుగులో ఆ మాటకి "విషాదం" వద్దు, పుస్తకాల వాసన. "వగపు" అనండి.

పాతకట్ట:
"వగపు" అనగానే ఖడ్గతిక్కన చాటువే. "ముగురాడువారమైతిమి వగపేటికి జలకమాడ వచ్చినచోటన్". యుద్ధం నుంచి వెనక్కొచ్చిన మొగుడికి పసుపు పెట్టి భార్య అన్న మాట. తల్లి అన్నదైతే "పాలున్ విరిగెన్". అటువైపు దుఃఖపడొద్దన్నారు, ఇటువైపు బతికిరావద్దన్నారు.

ఛందోదాసు:
ఇంకో సంగతి. ఆ కందంలో ప్రాస "గ": పగఱకు, నగరే, ముగురు, వగపు. నాలుగో పాదంలో "వగపు"లోని "వ"కీ "వచ్చిన"లోని "వ"కీ యతి. అటు యతి, ఇటు ప్రాస పట్టుకుని ఉంటే ఏ కార్యాలయమూ ఆ మాటని పీకలేదు. తంకాకి ఆ కట్టుబాటు లేదు, అందుకే తేలిగ్గా మార్చగలిగారు.

గోదారిగట్టు:
ఆ చాటువు రెండో పాదం మీ దగ్గర ఎలా ఉంది? మా తాతగారు "నగరే నిను మగతనంపు నాయకులందున్" అనేవారు.

పాతకట్ట:
"నాయకులెందున్" అండీ. నాయకులు ఎక్కడైనా నవ్వరా అని అన్వయం. "అందున్" అంటే నవ్వేవాళ్లెవరో తేలదు.

గోదారిగట్టు:
ఎందుకు తేలదు? నాయకుల మధ్య నిన్ను చూసి నవ్వరా అని లోకమే కర్త. కర్తని చెప్పకుండా వదిలేయడం మన కవులకీ వచ్చు.

తంగేడుపూలు:
అయ్యా, నా అనువాదం సంగతి?

పాతకట్ట:
ఆ వారపత్రిక ఏ ఏడాదిదో చెబితే వెతకవచ్చమ్మా. ఈలోగా పాత చాటువుల సంకలనం ఉన్నవాళ్లు ఆ పుట ఫొటో పెట్టండి. "ఎందున్" అనే ఉంటుంది.