ఫిక్స్‌డ్ సర్వీసా, వేరియబుల్ సర్వీసా: చిన్న ప్రయాణాలే ఎక్కువగా చేసే డీజిల్ ఆక్టేవియాకు ఏది మంచిది?

రెడింగ్ వాసి:

అందరికీ నమస్కారం. మేము ఇంగ్లండ్‌లోని రెడింగ్‌లో ఉంటున్నాము. రెండు లీటర్ల డీజిల్ ఇంజినూ, ఆరు గేర్ల డీఎస్‌జీ (ఆటోమేటిక్) గేర్‌బాక్సూ ఉన్న 2016 నాటి స్కోడా ఆక్టేవియాను గత నెలలో సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. ఇప్పటికి 71,000 మైళ్లు తిరిగింది. పాత యజమాని రోజూ మోటర్‌వే మీద దూరపు ఉద్యోగానికి వెళ్లేవారట, అందుకే సర్వీసును వేరియబుల్ పద్ధతిలో పెట్టించుకున్నారు. ఆ పద్ధతిలో ఇంజిన్ ఆయిల్‌ను గరిష్ఠంగా 30,000 కిలోమీటర్లకు, అంటే సుమారు 18,600 మైళ్లకు, లేదా రెండేళ్లకు ఒకసారి మారిస్తే చాలునని పుస్తకంలో ఉంది. ఫిక్స్‌డ్ పద్ధతిలో అయితే 15,000 కిలోమీటర్లు లేదా ఏడాది, వీటిలో ఏది ముందు వస్తే అది.

నా వాడకం వేరు. పిల్లలను బడిలో దింపడం, రైల్వే స్టేషనుకు వెళ్లిరావడం, అన్నీ రెండు మూడు మైళ్ల ప్రయాణాలే. నెలకు ఒకసారి మాత్రం దూరంగా లెస్టర్‌లో ఉన్న మా అక్కగారింటికి వెళ్తాము. మొత్తం కలిపి ఏడాదికి 7,000 మైళ్లు దాటకపోవచ్చు. డ్యాష్‌బోర్డు మాత్రం తదుపరి ఆయిల్ సర్వీసుకు ఇంకా 11,000 మైళ్లు, 400 రోజులు ఉన్నాయని చూపుతోంది. దగ్గరలోని వర్క్‌షాపువారు వెంటనే ఫిక్స్‌డ్‌కు మార్చుకోమంటున్నారు. ఇది బండి మేలు కోరి చెబుతున్న మాటా, ఏటా ఒక బిల్లు వస్తుందని చెబుతున్న మాటా అన్నది తేల్చుకోలేకపోతున్నాను. అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

స్టుట్‌గార్ట్ నుంచి:

తొందరపడి మార్చుకోనవసరం లేదని నా అభిప్రాయమండీ. నా డీజిల్ ఫోక్స్‌వాగన్ గోల్ఫ్ కారు (స్కోడా కూడా ఆ కంపెనీదే) 2,40,000 కిలోమీటర్లు వేరియబుల్ పద్ధతిలోనే తిరిగింది, ఇంజిన్ ఒక్కసారి కూడా ఇబ్బంది పెట్టలేదు. చాలామంది వేరియబుల్ అంటే రెండేళ్లకు ఒకసారి అని అర్థం చేసుకుంటారు, కానీ రెండేళ్లన్నది పై హద్దు మాత్రమే. ఎన్నిసార్లు చల్లని ఇంజిన్‌తో బయలుదేరారు, ఆయిల్ ఎంత వేడెక్కింది, ఇంధనం ఎంత ఖర్చయింది వంటివన్నీ కంప్యూటరు లెక్కవేసుకుంటూ, వాడకం కఠినంగా ఉంటే గడువును తానే కుదిస్తుంది. మీరు ఇలాగే చిన్న ప్రయాణాలు చేస్తూ పోతే ఆ 11,000 మైళ్ల అంకె దానంతట అదే వేగంగా తగ్గుతుంది. అయితే నా ప్రయాణమంతా ఆటోబాన్ మీదే, అంటే ఇక్కడి మోటర్‌వే మీదే, ఇంజిన్ చల్లబడే వీలే ఉండదు, కాబట్టి నా అనుభవం మీకు పూర్తిగా వర్తించకపోవచ్చు.

బర్మింగ్‌హామ్ వర్క్‌షాపు:

రెడింగ్ మిత్రులకు నమస్కారం. నేను ఇక్కడ ఒక చిన్న వర్క్‌షాపులో పదకొండేళ్లుగా పనిచేస్తున్నాను. స్టుట్‌గార్ట్ మిత్రులు చెప్పినది నిజమే, కానీ అందులో ఒక మెలిక ఉంది. మీ బండిలోని సెన్సరు ఆయిల్ మట్టాన్నీ వేడినీ చూస్తుందే తప్ప ఆయిల్‌ను పరీక్షించదు. లోపల ఉన్నది మంచి ఆయిలా, నాసిరకమా, అందులో డీజిల్ ఎంత కలిసింది అన్నది దానికి తెలియదు. సరైన ఆయిల్ పోశారని నమ్మి లెక్క కడుతుంది, అంతే. కాబట్టి గడువు సంగతి తరువాత, ముందు పాత బిల్లు తీసి చూడండి. అందులో ఫోక్స్‌వాగన్ 507 00 ప్రమాణం గల ఆయిల్ పోసినట్లు స్పష్టంగా రాసి ఉండాలి. ఉత్త "5డబ్ల్యూ-30" అని రాసి ఉంటే సరిపోదు, అది చిక్కదనాన్ని చెప్పే అంకె మాత్రమే. ఆ ప్రమాణం లేని ఆయిల్ పోసి వేరియబుల్‌లో వదిలేసిన బండ్లు మా దగ్గరకు తరచుగా వస్తుంటాయి.

ఇక మీ ప్రయాణాల విషయం. డీజిల్ బండి పొగగొట్టంలో మసిని పట్టే ఫిల్టరు ఉంటుంది. అది నిండినప్పుడు, పట్టిన మసిని కాల్చడానికి ఇంజిన్ అదనంగా డీజిల్‌ను చిమ్ముతుంది. ఈ కాల్చివేత పూర్తి కావాలంటే బండి పది పదిహేను నిమిషాలు మంచి వేగంతో సాగాలి. మీరేమో అయిదో నిమిషంలోనే బడి దగ్గర ఇంజిన్ ఆపేస్తారు. కాల్చివేత సగంలో ఆగి, మరునాడు మళ్లీ మొదలవుతుంది. ఆగి ఆగి సాగే ఈ తంతులో కాలని డీజిల్ కొంత సిలిండరు గోడల వెంట కిందికి జారి ఇంజిన్ ఆయిల్‌లో కలుస్తుంది. పెట్రోలు అయితే ఇంజిన్ బాగా వేడెక్కినప్పుడు చాలావరకు ఆవిరై పోతుంది, కానీ డీజిల్ అంత సులభంగా ఆవిరి కాదు. ఆయిల్ పలచబడి, బేరింగుల దగ్గర నిలవవలసిన పొర బలహీనపడుతుంది. దానికి తోడు, సరిగా వేడెక్కని ఇంజిన్‌లో చేరే తేమ ఆమ్లాలకు దారి తీసి, ఆయిల్‌లోని రక్షక రసాయనాలను తినేస్తుంది.

దీన్ని మీరే కనిపెట్టవచ్చు. సమతలంగా ఉన్నచోట బండి నిలిపి, ఇంజిన్ ఆపి కొద్ది నిమిషాలయ్యాక డిప్‌స్టిక్ (ఆయిల్ మట్టం చూపే గుర్తులున్న పుల్ల) తీసి చూడండి. ఆయిల్ మట్టం నెల నెలా తగ్గితే ఆశ్చర్యపోనక్కరలేదు. పెరుగుతుంటే మాత్రం అందులో డీజిల్ చేరుతోందని అర్థం. రంగును బట్టి తీర్పు చెప్పకండి, డీజిల్ బండిలో కొత్త ఆయిల్ కూడా కొద్ది రోజులకే నల్లబడుతుంది.

ఖర్చు గురించి కూడా చెబుతాను. మసి ఫిల్టరు ఉన్న మీ ఇంజిన్‌కు ఫిక్స్‌డ్‌లో పెట్టినా 507 00 ఆయిలే పోయాలి, కాబట్టి చవక ఆయిల్‌కు మారవచ్చనే ఆశ వద్దు. రెండేళ్లలో ఒకసారి అదనంగా ఆయిల్, దాని ఫిల్టరు మార్చించడమే తేడా. మీ వాడకానికి నేనైతే ఫిక్స్‌డే పెడతాను. మా వృత్తివాడు ఇంకేం చెబుతాడని మీరు అనుకోవచ్చు, అందుకే ముందు డిప్‌స్టిక్ చూసి నిర్ణయించుకోమంటున్నాను.

హైదరాబాదు నుంచి:

మాకు ఇక్కడ ఈ ఎంపికే లేదు. స్కోడా, ఫోక్స్‌వాగన్ బండ్లకు 15,000 కిలోమీటర్లు లేదా ఏడాది అని, మారుతీకి 10,000 కిలోమీటర్లు లేదా ఏడాది అని కంపెనీలు చెబుతాయి. వీధి చివరి మెకానిక్ మాత్రం రెండు వేళ్ల మధ్య ఆయిల్ రుద్ది చూసి, 5,000కే మార్చేయమని స్టిక్కరు అంటిస్తాడు. మా నాన్నగారి బండి ఏడాదికి 4,000 కిలోమీటర్లు కూడా తిరగదు, అంతా అమీర్‌పేట ట్రాఫిక్కే. అలాంటి బండికి కిలోమీటర్ల లెక్క కన్నా ఏడాది గడువే ముఖ్యమని నాకు ఆలస్యంగా అర్థమైంది.

రెడింగ్ వాసి:

అందరికీ ధన్యవాదాలు. పాత బిల్లులు వెతికాను. చివరి సర్వీసులో 507 00 ఆయిల్ పోసినట్లే ఉంది, కాబట్టి పాత యజమానిని తప్పుపట్టడానికి లేదు. కానీ ఈ ఉదయం డిప్‌స్టిక్ తీసి చూస్తే మట్టం పై గుర్తును కొద్దిగా దాటి ఉంది. కొన్న రోజున తీసిన ఫొటోలో గుర్తుకు కిందే ఉంది, ఈ మధ్యలో నేను చుక్క ఆయిల్ కూడా పోయలేదు. ఈ వారంలోనే ఆయిల్ మార్పించి ఫిక్స్‌డ్‌కు వెళ్దామని నిశ్చయించుకున్నాను. మార్చేటప్పుడు నేను గమనించవలసినది ఏమైనా ఉందా?

స్టుట్‌గార్ట్ నుంచి:

మట్టం పెరిగిందంటే ఇక నేను వాదించను, మార్పించేయండి. లెస్టర్ వెళ్లేటప్పుడు మధ్యలో ఆపకుండా వెళ్తే మసి ఫిల్టరుకు కూడా మేలు.

బర్మింగ్‌హామ్ వర్క్‌షాపు:

ఆయిల్ మార్చాక గడువును ఫిక్స్‌డ్‌కు మార్చి రీసెట్ చేశారో లేదో మీ కళ్లతో చూసుకోండి. తెరపై 365 రోజులకు మించి కనిపిస్తే అది ఇంకా వేరియబుల్‌లోనే ఉందన్నమాట, బండి కంప్యూటరుకు కలిపే డయాగ్నస్టిక్ పరికరం పెట్టి మార్చమని అడగండి. బ్రేక్ ఆయిల్‌ను మాత్రం ఏ పద్ధతిలో ఉన్నా రెండేళ్లకు ఒకసారి మార్చాలి. మీ ఆరు గేర్ల డీఎస్‌జీకి ప్రతి 40,000 మైళ్లకు గేర్ ఆయిల్ మార్చాలి, దానికీ ఈ గడువులకూ సంబంధం లేదు. ఆ బిల్లుల్లోనే 40,000 దగ్గర అది చేయించారో లేదో ఒకసారి చూడండి. లేకపోతే 80,000 దాకా ఆగకుండా ఈ వారమే దాన్ని కూడా కలిపి చేయించుకోండి.