సికింద్రాబాద్ జింఖానా గ్రౌండ్‌ని హెరిటేజ్‌గా ప్రకటించాలా? సంతకాలు పెట్టేముందు మాట్లాడుకుందాం

పాత_మారేడుపల్లి: జింఖానాని వారసత్వ స్థలంగా ప్రకటించమని ప్రభుత్వానికి వినతిపత్రం రాస్తున్నాం. రంజీ ట్రోఫీ ఇంకా పుట్టకముందే, 1930-31లో, మొయినుద్దౌలా గోల్డ్ కప్ క్రికెట్ టోర్నీ ఇక్కడ జరిగింది. విజయనగరం మహారాజకుమార్ విజ్జీ జట్టు గెలిచింది. 1934-35లో వెస్టిండీస్ నుంచి పేరున్న ఆల్‌రౌండర్ లియరీ కాన్‌స్టంటైన్ వచ్చి ఆడాడు. ఇంతకన్నా ఏం చరిత్ర కావాలి?

లెఫ్టార్మ్_స్పిన్: హైదరాబాద్ క్రికెట్ చరిత్ర అంటే ఫతే మైదాన్ అండీ, అదే ఇప్పటి ఎల్‌బీ స్టేడియం. 1955లో న్యూజిలాండ్ మీద ఉమ్రీగర్ 223 కొట్టింది అక్కడ. టెస్టుల్లో మన దేశానికి అదే మొదటి డబుల్ సెంచరీ. 1999లో వన్డేలో సచిన్ 186 నాటౌట్, ద్రవిడ్ 153 కూడా అక్కడే. జింఖానాలో ఒక్క టెస్టు జరిగిందా?

పాత_మారేడుపల్లి: టెస్టు జరిగితేనే చరిత్రా? ఫతే మైదాన్‌లో ప్రమాణ స్వీకారాలు, బహిరంగ సభలు జరుగుతున్నాయి. జింఖానాలో ఈ రోజుకీ తెల్లారేసరికి క్రీజు గీతలకి సున్నం కొడతారు, ఎర్ర బంతి చప్పుడు వినబడుతుంది.

లెఫ్టార్మ్_స్పిన్: నా ప్రశ్నకి జవాబు రాలేదు. టెస్టు జరిగిందా, లేదా?

క్లాక్‌టవర్: జరగలేదు. ముందుకు పోదాం.

కార్ఖానా_పోరడు: అన్నా, హెరిటేజ్ బోర్డు పెడితే మాకేమొస్తది? చిన్నప్పుడు నేను ఓ క్లబ్బుల నెట్స్‌కి పోయిన. బౌలింగ్ సూసిండ్రు, బాగేసినవ్ అన్నరు. ఆఖరికి లీగ్ మ్యాచ్‌ల ఆడాల్నంటే పైసలు కట్టుమన్నరు. మా నాయిన ఆటో నడిపేటోడు. గా క్లబ్బుల చరిత్ర కాపాడనీకి నేనెందుకు సంతకం పెట్టాలె?

పాత_మారేడుపల్లి: తమ్ముడూ, నీకు జరిగింది తప్పే. కానీ అది ఒక క్లబ్బు చేసిన పని, గ్రౌండ్ చేసింది కాదు. 2017 గుర్తుందా? కొత్త సచివాలయం కోసం బైసన్ పోలో గ్రౌండ్‌తో పాటు జింఖానాని కూడా రక్షణ శాఖ దగ్గర అడిగారు. జనం అడ్డం తిరిగారు, కోర్టు దాకా వెళ్లారు. చివరికి సచివాలయం పాత చోటే కట్టారు. ఈసారి ఎవడైనా అడిగితే అడ్డం పెట్టడానికి మన చేతిలో ఒక కాగితం ఉండాలి.

లెఫ్టార్మ్_స్పిన్: ఆ లెక్కన ముందు ఫతే మైదాన్‌కే కావాలి కాగితం. మూడు టెస్టులు జరిగిన చోటు.

క్లాక్‌టవర్: మళ్లీ టెస్టులేనా!

కార్ఖానా_పోరడు: 2022ల ఆస్ట్రేలియా మ్యాచ్ టికెట్లు జింఖానాలనే అమ్మిండ్రు. తొక్కిసలాటైంది, జనానికి దెబ్బలు తగిలినయ్. గప్పుడు గ్రౌండ్ యాదికొచ్చిందా మీకు? టికెట్ కొననీకైతే మేం కావాలె, ఆడనీకి మాత్రం వద్దు.

పాత_మారేడుపల్లి: నన్నెందుకు తిడతావు? ఆ టికెట్లు నేనమ్మానా? టెస్టు ఆటగాళ్లు జైసింహ, ఆబిద్ అలీ ఆడిన ఊరిది. రేపు ఇక్కడ కాంప్లెక్స్ లేస్తే మీ పిల్లలకీ జాగా ఉండదు, మా పిల్లలకీ ఉండదు.

కార్ఖానా_పోరడు: మా పోరగాండ్లకి ఇప్పుడు మాత్రం ఉన్నదా అన్నా? పక్కన పరేడ్ గ్రౌండ్‌ల సభ లేని నాడు టెన్నిస్ బాల్‌తోని ఆడుకుంటరు. జింఖానా లోపట గడ్డి పిచ్, గా టర్ఫ్ వికెట్ మీద ఒక్క ఓవర్ ఎయ్యనిస్తరా? మీరు గోడ కాపాడుతున్నరు, నేను గేటు అడుగుతున్న.

సన్నీ_77: పాయింట్.

పాత_మారేడుపల్లి: టర్ఫ్ మీద ఎవరంటే వాళ్లు దిగితే వారంలో వికెట్ పాడైపోతుంది. నీళ్లు, రోలింగ్, కోత, వీటికి మనుషులుండాలి, నియమాలుండాలి.

కార్ఖానా_పోరడు: నియమం ఉండనీ. ఆదివారం పొద్దుగాల రెండు నెట్లు బస్తీ పోరగాండ్లకు ఫీజు లేకుండ ఇయ్యాలెనని కాయితంల రాయుండ్రి. గది రాస్తే నేనే ఇంటింటికి తిరిగి సంతకాలు తెస్త.

పాత_మారేడుపల్లి: షరతులు పెడితే అర్జీ పక్కన పడేస్తారు. ముందు హెరిటేజ్ రానీ.

కార్ఖానా_పోరడు: ముందు ముందు అనుకుంటనే మా నాయిన పోయిండు. షరతు లేకుంటే సంతకం లేదు.

క్లాక్‌టవర్: నేనూ అంతే. ఆదివారం నెట్ల మాట రాస్తేనే పెడతా.