విజయవాడలో క్వీర్ లఘుచిత్రాల ప్రదర్శన పెట్టాలి: అనుభవం ఉన్నవారు చెప్పండి

బందరురోడ్డు
జూన్‌లో ఒక సాయంత్రం క్వీర్ లఘుచిత్రాలు, అంటే స్వలింగ ప్రేమికుల, ట్రాన్స్ వ్యక్తుల జీవితాల మీద తీసినవి, వేయాలని మా మిత్రబృందం ఆలోచన. ఆరేడు చిత్రాలు, కలిపి గంటన్నర, తరువాత చర్చ. హైదరాబాద్ వాళ్లకు లమకాన్ లాంటి సాంస్కృతిక వేదిక ఉంది. ఇక్కడ మాకు అరవై మంది పట్టే హాలు దొరకాలి. హాలు యజమానికి ఏమని చెప్పాలి? సెన్సార్ కాని చిత్రాలు వేయవచ్చా? తెలుగు సబ్‌టైటిల్స్ ఎలా? ఇంట్లోవాళ్లను పిలవవచ్చా?

కాంతిపుంజం
రీళ్ల కాలం నుంచి ప్రొజెక్షన్ పనిలోనే ఉన్నాను కాబట్టి చెబుతున్నాను, ముందు శబ్దం చూసుకోండి. లఘుచిత్రాలు ఒక్కొక్కటి ఒక్కొక్క చోట మిక్స్ అయి వస్తాయి. ఒకదానిలో మాట వినబడదు, తరువాతిదానికి చెవులు మూసుకోవాలి. అన్నిటినీ ఒకే శబ్దస్థాయికి తెచ్చి, మధ్యలో ఐదేసి సెకన్ల నలుపు పెట్టి, ఒకే ఫైలుగా కట్టండి. జూన్‌లో ఆరున్నరకు కూడా వెలుతురు ఉంటుంది. కిటికీలకు నల్లగుడ్డ లేకపోతే 3000 ల్యూమెన్ల ప్రొజెక్టర్ దేనికీ పనికిరాదు.

న్యాయపక్షం
శబ్దం కంటే ముందు చట్టం ఉంది. 1952 సినిమాటోగ్రాఫ్ చట్టం ప్రకారం బహిరంగ ప్రదర్శనకు సర్టిఫికెట్ కావాలి. టికెట్ పెట్టలేదు కదా అంటే కుదరదు. చిత్రోత్సవం అయితే సమాచార ప్రసార శాఖ నుంచి మినహాయింపు తెచ్చుకోవచ్చు. అది చివరి వారంలో అయ్యే పని కాదు. దీనికి తోడు మన రాష్ట్రంలో 1955 సినిమాల నియంత్రణ చట్టం ఉంది. ఇవన్నీ చూసుకోకుండా దిగవద్దు.

ఉప్పాడతీరం
న్యాయపక్షం గారూ, పేర్లు నమోదు చేసుకుని, ఆహ్వానం అందినవారే వచ్చే అరవై మంది కూటమి బహిరంగ ప్రదర్శన ఎలా అవుతుంది? మేడమీద తెర కట్టి స్నేహితులకు చిత్రం చూపించేవాళ్లందరూ ఢిల్లీకి దరఖాస్తు పెట్టుకోవాలా? మీలాంటివాళ్లు భయపెట్టడం వల్లే చిన్న ఊళ్లలో ఏదీ మొదలు కాదు.

న్యాయపక్షం
భయపెట్టడం లేదు. ఆహ్వానం అంటూనే ఇన్‌స్టాగ్రామ్‌లో పోస్టర్ వేసి లింకు అందరికీ ఇస్తారు. అప్పుడది బహిరంగమే. ఎవరో ఫిర్యాదు చేస్తే స్టేషన్‌లో నిలబడేది హాలు బుక్ చేసిన పిల్లవాడు. మీరు కాదు.

ఉప్పాడతీరం
సర్టిఫికెట్ ఉంటే రక్షణ ఉంటుందా? ఇద్దరు స్త్రీల ప్రేమకథ 'ఫైర్' చిత్రాన్ని సెన్సార్ బోర్డు కోతలు లేకుండా అనుమతించింది. అయినా 1998 డిసెంబరులో ముంబయి, ఢిల్లీ థియేటర్లు పగలగొట్టారు. కాగితం ఎవరిని ఆపింది?

న్యాయపక్షం
కాగితం ఉంది కాబట్టే ఆ చిత్రం మళ్లీ థియేటర్లకు రాగలిగింది. లేకపోతే అడగడానికి కూడా హక్కు ఉండేది కాదు. ఈ తేడా మీకు కావాలనే కనబడటం లేదు.

మల్లెపందిరి
మీ ఇద్దరూ ఆపండి. నేను ట్రాన్స్ మహిళను, వరంగల్. మా పెద్దవాళ్లు పోలీసుల గురించి చెబితే నాకు చట్టం పుస్తకం గుర్తుకు రాదు. చీర కట్టుకుని, నగలు పెట్టుకుని వీధిలో కనబడితే వారెంటు లేకుండా పట్టుకోవచ్చనే నిజాం కాలపు చట్టాన్ని తెలంగాణ హైకోర్టు 2023 జులైలో గానీ కొట్టివేయలేదు.

ఎవరూ అడగని సంగతి ఒకటి చెబుతాను. ఫోటోలు. ఒక ప్రదర్శనలో నిర్వాహకులు ప్రేక్షకులను వెనుక నుంచి తీశామన్నారు. మా స్నేహితురాలి జడ, చెవిదిద్దులు చూసి వాళ్ల అన్న గుర్తుపట్టాడు. ఆమె ఇల్లు వదిలి రావలసి వచ్చింది. వెనుక నుంచి తీసినా, చీకటిలో తీసినా ఫోటో ఫోటోనే. గుమ్మం దగ్గర ఫోన్ల కెమెరాలకు స్టిక్కర్ వేయండి. ఫోటో దిగడానికి ఇష్టమైనవాళ్లకు బయట ఒక మూల వేరుగా పెట్టండి. కోపం వస్తుందని మొహమాటపడవద్దు.

కాంతిపుంజం
స్టిక్కర్ జిగురు లెన్స్‌కు అంటుకుంటుంది. ఫోన్లు కవరులో వేయించడం మేలు.

మల్లెపందిరి
లెన్స్ తుడుచుకోవచ్చు అన్నా.

అనకాపల్లి_అమ్మ
ఇంట్లోవాళ్లను పిలవాలా అన్నదానికి నా జవాబు, తప్పకుండా పిలవండి. మా అబ్బాయి నన్ను విశాఖలో ఒక ప్రదర్శనకు తీసుకువెళ్లాడు. చిత్రాల్లో సగం నాకు అర్థం కాలేదు, అన్నిటికీ ఇంగ్లీషు అక్షరాలే. కానీ చర్చలో ఒక పెద్దావిడ లేచి, మా అమ్మాయి తన స్నేహితురాలితో కలిసి ఉంటోంది, పండుగకు ఇద్దరికీ చీరలు పెడతాను అని చెప్పింది. ఆ మాట విన్నాక మా అబ్బాయి చెయ్యి వదలలేదు నేను. మాలాంటివాళ్లు మాట్లాడుకోవడానికి అరగంట ప్రత్యేకంగా ఉంచండి బాబూ.

గుల్మొహర్17
అమ్మా, మీ అబ్బాయి అదృష్టవంతుడు. కానీ అందరికీ ఇది నప్పదు. కుటుంబాలు వస్తాయని తెలిస్తే నేను ఆ హాలు గుమ్మం తొక్కను. 2018 సెప్టెంబరు 6న స్వలింగ సంబంధం నేరం కాదని సుప్రీంకోర్టు తీర్పు వచ్చిన రోజు మా నాన్న టీవీ కట్టేశారు. ఆ సాయంత్రమైనా మా మధ్య మేము ఉండనివ్వండి. రెండు ఆటలు పెట్టండి, ఒకటి మాకు, ఒకటి కుటుంబాలతో.

మల్లెపందిరి
రెండు ఆటలకు నేనూ సరే. ఒక్క షరతు, రెండిటిలోనూ చివరికి చచ్చిపోయే కథలు వేయవద్దు. ఇంటి నుంచి గెంటడం, రైలుపట్టాలు, ఏడుపు. మేము ఇల్లు కడుతున్నాం, చిట్టీలు వేస్తున్నాం, పెంచుకున్న పిల్లలకు పెళ్లిళ్లు చేస్తున్నాం. అవి తీసేవాళ్లు లేరా?

డాలస్_శాస్త్రి
ఉన్నారు, కానీ చిత్రం దొరకడమే కష్టం. ముంబయి కషిష్ లాంటి క్వీర్ చిత్రోత్సవంలో మొదటి ప్రదర్శన కోసం ఆగుతున్నవాళ్లు మీకు ముందుగా ఇవ్వరు. దర్శకుడికి నేరుగా మెయిల్ రాసి, లిఖితపూర్వక అనుమతి అడగండి. యూట్యూబ్‌లో ఉంది కదా అని దించుకోవడం దొంగతనమే. మాకు ఇక్కడ గ్రంథాలయం గది తేలికగా దొరికింది. ఒక తెలుగు సంఘం మాత్రం, మన సంస్కృతి కాదంటూ హాలు ఇవ్వలేదు. వాళ్లే అదే వారం బృహన్నల వేషం వేయించారు.

ఉప్పాడతీరం
అమెరికా సంగతులు ఇక్కడెందుకండీ?

డాలస్_శాస్త్రి
తెలుగువాళ్ల సంగతి కాబట్టి. మాకు అయిన గాయం మీకు లెక్కలోకి రాదా?

నల్లతెర
సబ్‌టైటిల్స్ గురించి ఒక్కరూ చెప్పలేదు. అనకాపల్లి అమ్మగారు పడిన ఇబ్బంది అసలైనది. తెలుగు ఫైలును యూటీఎఫ్-8లో, అంటే తెలుగు అక్షరాలను నిలబెట్టే ఎన్‌కోడింగ్‌లో, భద్రపరచండి. అప్పటికీ కొన్ని ప్లేయర్లలో ఒత్తులు విడిపోయి, 'అమ్మ' కాస్తా 'అమ్‌మ' అవుతుంది. అందుకని అక్షరాలను చిత్రంలోనే ముద్రించి ఫైలు తయారుచేయడం ఒక్కటే నమ్మకమైన దారి. దానికి దర్శకుడి అనుమతి వేరుగా తీసుకోవాలి. ఒక వరుసకు ముప్ఫై అక్షరాలు దాటితే పెద్దవాళ్లు చదవలేరు.

కాంతిపుంజం
ముప్ఫై ఎక్కువ. మన అక్షరాలకు కిందా పైనా చోటు కావాలి. ఇరవైనాలుగు.

నల్లతెర
తెర ఎంత వెడల్పో తెలియకుండా ఇరవైనాలుగు అని ఎలా తేల్చారు?

కాంతిపుంజం
తేల్చడం నా వృత్తి.

న్యాయపక్షం
బందరురోడ్డు, హాలు యజమానికి నిజం చెప్పండి. పుట్టినరోజు అని బుక్ చేసి, మధ్యలో ఆయనకు తెలిసి కరెంటు తీసేస్తే మీ వైపు మాట్లాడటానికి నాకు ఆధారం ఉండదు. బుకింగ్ కాగితం మీద "లఘుచిత్రాలు, చర్చ, ఆహ్వానితులకు మాత్రమే" అని రాయించండి.

ఉప్పాడతీరం
ఇదొక్కటి ఒప్పుకుంటాను. కాకినాడలో మేమూ ఆగస్టులో వేయాలనుకుంటున్నాం. విజయవాడ వాళ్లు తెర కొంటే మాకు ఇస్తారా? పది అడుగులది చాలు, రవాణా ఖర్చు మాదే.