పలాస జీడిపప్పు దుకాణానికి వెబ్‌సైటు: లక్ష్యాన్ని ఎలా నిర్ణయించుకోవాలి?

ప్రశ్న: కాశీబుగ్గ వ్యాపారి

అందరికీ నమస్కారం. కాశీబుగ్గలో మా నాన్నగారి కాలం నుంచి జీడిపప్పు వ్యాపారం చేస్తున్నాం. ఉద్దానం రైతుల దగ్గర జీడి పిక్కలు కొని, ఉడికించి, కొట్టించి, పొట్టు తీయించి, రకాలుగా ఏరించి అమ్మడం మా పని. సరకులో ఎక్కువ భాగం విశాఖపట్నంలోని టోకు వర్తకులకు పోతుంది, మిగిలినది దుకాణంలో చిల్లరగా అమ్ముతాం.

రెండేళ్ల కిందట ఒక వెబ్‌సైటు చేయించాం. దానిని తయారుచేసిన అబ్బాయి మొదటి రోజునే, దీనివల్ల మీకు ఏం జరగాలని అడిగాడు. అమ్మకాలు పెరగాలి, మా పేరు పది మందికీ తెలియాలి అని చెప్పాను. అతను నెలనెలా పంపే నివేదికలో చూసినవారి సంఖ్య పెరుగుతూనే ఉంది, పోయిన నెల అది 1,900 దాటింది. అయితే ఆ నెలలో వెబ్‌సైటు చూసి సరకు తెప్పించుకున్నవారు నలుగురే. డొమైను (సైటు చిరునామా), హోస్టింగు (సైటును నెట్‌లో ఉంచే సేవ) రుసుములు మళ్లీ కట్టవలసిన సమయం దగ్గరపడింది. మొత్తం కొత్తగా చేయిద్దామని తమ్ముడు, ఆ డబ్బుతో ఇంకో రెండు బస్తాల పిక్కలు కొనవచ్చని నాన్నగారు అంటున్నారు. లోపం సైటులో ఉందా, నేను చెప్పిన లక్ష్యంలో ఉందా అన్నది నాకు తేలడం లేదు. అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పండి.

సమాధానం: విజయనగరం వెబ్ డిజైనర్

మీ సైటు తయారుచేసిన అబ్బాయి మీరు అడిగిన పనే చేశాడని నాకు అనిపిస్తోంది. పేరు పది మందికీ తెలియాలన్నారు కనుక అతను చూసేవారి సంఖ్యను పెంచాడు. ఒక చిన్న పరీక్ష చేయండి. గూగుల్ సెర్చ్ కన్సోల్ ఉచితమే. జనం ఏ మాటలు వెదికి మీ సైటుకు వస్తున్నారో అందులో కనబడుతుంది. జీడిపప్పు తింటే కలిగే లాభాలు, రోజుకు ఎన్ని తినాలి వంటి వ్యాసాలు మీ సైటులో ఉంటే, వచ్చినవారిలో అధికులు ఆ వ్యాసం చదివి వెళ్లిపోయేవారే అయి ఉంటారు. వారికి పలాస పప్పు కొనే ఉద్దేశం మొదటి నుంచీ ఉండదు.

అమ్మకాలు పెరగాలన్నది కోరిక. ఎవరికి, ఏ సరకు, ఎంత, ఎప్పటిలోగా అని చెప్పగలిగినప్పుడే అది లక్ష్యం అవుతుంది. అందులో అన్నిటికంటే కష్టమైనది, అందరూ దాటవేసేది, ఎవరికి అన్న ప్రశ్న. మీ దగ్గర కొనేవారు కనీసం మూడు రకాలు. టోకు వర్తకుడికి ఆ రోజు ధర, నమూనా కావాలి. ఆ బేరం ఫోనులో తేలుతుంది తప్ప వెబ్‌సైటులో తేలదు. మీ ఊరు మీదుగా వెళుతూ ఒకసారి కొని రుచి చూసి, ఇప్పుడు హైదరాబాదులోనో బెంగళూరులోనో ఉన్న మనిషికి మళ్లీ తెప్పించుకునే దారి కావాలి. మిమ్మల్ని ఎన్నడూ చూడనివాడికి ఇది నిజంగా పలాస పప్పేనా అన్న నమ్మకం కావాలి. ఒకే మొదటి పేజీ ఈ ముగ్గురికీ సమాధానం చెప్పబోతే ఎవరికీ చెప్పలేదు. నా సలహా రెండో మనిషిని ఎంచుకోమని. అతనికి సరకు ముందే తెలుసు, మీకు అతన్ని ఒప్పించే శ్రమ లేదు.

తరువాత లెక్కను చివరి నుంచి మొదలుపెట్టి వెనక్కి వేయండి. ఉదాహరణకు నెలకు 40 ఆర్డర్లు కావాలనుకుందాం. వాట్సాప్‌లో ధర అడిగిన పది మందిలో నలుగురు కొంటారని మీ అనుభవం చెబితే, నెలకు 100 మంది అడగాలి. ఇప్పుడు ఎంత మంది అడుగుతున్నారు? ఈ ఒక్క సంఖ్య మీ దగ్గర లేకపోతే సైటును మార్చే ముందు ఒక నెల పాటు దానిని లెక్కించండి. వెబ్‌సైటులోని వాట్సాప్ లింకుకు ముందే రాసిపెట్టిన సందేశాన్ని జతచేయవచ్చు. వెబ్‌సైటు చూసి అడుగుతున్నాను అన్న వాక్యం అందులో ఉంటే, వచ్చిన సందేశం ఎక్కడిదో ఎవరినీ అడగనక్కరలేదు. బటన్ నొక్కినవారి లెక్కను గూగుల్ అనలిటిక్స్ ఇస్తుంది కానీ, నొక్కినవారందరూ కొనరు కనుక అసలు ఆర్డర్ల లెక్క మీ పుస్తకంలోనే ఉండాలి.

ఇంకొక మాట. డబ్ల్యూ 240, డబ్ల్యూ 320 అని రాసి వదిలేయడం జీడిపప్పు సైట్లలో తరచుగా చూస్తుంటాను. ఆ సంఖ్య ఒక పౌనుకు, అంటే సుమారు 454 గ్రాములకు, గరిష్ఠంగా తూగే గుండు పప్పుల లెక్క అనీ, సంఖ్య తగ్గేకొద్దీ పప్పు పెద్దదనీ ఇంటికి కొనుక్కునేవారికి తెలియదు. పెద్ద సంఖ్య అంటే మేలురకం అనుకునేవారూ ఉంటారు. ఆ పేజీలో ఒక అరచేతి మీద రెండు రకాలూ పక్కపక్కన పెట్టి తీసిన ఫొటో ఉంచి, పాయసానికీ కూరలకూ బద్దలు సరిపోతాయని కూడా నిజాయితీగా రాయండి.

సమాధానం: బొబ్బిలి వీణల దుకాణం

మా అనుభవం వేరు కనుక చెబుతున్నాను. మా బంధువులు పనసకర్రతో వీణలు చేస్తారు, వాటిని అమ్మే దుకాణం నేను చూసుకుంటాను. మొదట మేమూ ఎక్కువ ఫోన్లు రావాలనే కోరుకున్నాం. వచ్చాయి కూడా, అయితే పెద్ద వీణ కావాలన్నవారికీ, బహుమతిగా ఇచ్చే చిన్న బొమ్మ వీణ కావాలన్నవారికీ ఒకే రకంగా అరగంట చొప్పున వివరించవలసి వచ్చేది. ఒకే దుంగలో తొలిచే ఏకాండి వీణ చేతిపని కనుక, పని పట్టిన మనిషిని ఫోను కోసం లేపితే ఆ పూట పోయినట్టే.

అందుకని ఏడాది కిందట లక్ష్యాన్ని మార్చాం. వచ్చే ప్రతి విచారణలో ఏ వీణ, ఎవరు వాయించడానికి, ఎప్పటికి కావాలి, ఎక్కడికి పంపాలి అన్న నాలుగు సంగతులూ ఉండాలన్నదే ఇప్పుడు మా సైటు పని. మొదటి పేజీలోనే వాయించే వీణ, బహుమతి వీణ అని రెండు దారులు పెట్టాం. ఫోన్లు సగానికి తగ్గాయి, ఆర్డర్లు మాత్రం తగ్గలేదు. సైటు వల్ల ఏది పెరగాలి అని అందరూ అడుగుతారు; మీకు ఏది తగ్గాలో కూడా ఆలోచించండి. మీ దుకాణంలో రోజూ మళ్లీమళ్లీ చెబుతున్న సమాధానం ఏదో ఒకటి ఉండే ఉంటుంది.

సమాధానం: శ్రీకాకుళం అకౌంటెంట్

ఆర్డర్ల సంఖ్యను లక్ష్యంగా పెట్టుకోవడంతో నేను ఏకీభవించను. పావు కిలో పొట్లాలు 40 అమ్మితే కొరియర్ ఛార్జీలకూ డబ్బాలకూ పోగా ఏమీ మిగలకపోవచ్చు. ఒక్కో పార్సిల్‌పై ఖర్చులన్నీ పోగా మిగిలినది ఎంత అన్నదే కొలవండి, దానినిబట్టి కనీస ఆర్డరు ఒక కిలోనా రెండు కిలోలా అన్నది నిర్ణయించండి. పన్ను వర్తించే సరకును ఇతర రాష్ట్రాలకు అమ్మేవారికి టర్నోవరు తక్కువగా ఉన్నా జీఎస్టీ నమోదు తప్పనిసరి. బెంగళూరు ఖాతాదారులను ఆశించేముందు అది సరిగా ఉందో లేదో చూసుకోండి. 14 అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ (ఆహార భద్రతా సంస్థ) లైసెన్సు సంఖ్యను సైటులో స్పష్టంగా చూపండి, కొత్తవారికి అదే మొదటి భరోసా.

తిరుగు సమాధానం: కాశీబుగ్గ వ్యాపారి

అందరికీ కృతజ్ఞతలు. సెర్చ్ కన్సోల్ తెరిచి చూశాం. డిజైనర్ గారు ఊహించినట్టే, వచ్చినవారిలో ఎక్కువమంది జీడిపప్పు, కొలెస్టరాల్ గురించిన ఒకే ఒక్క వ్యాసానికి వచ్చారు. నాన్నగారూ తమ్ముడూ నేనూ కూర్చుని ఇలా రాసుకున్నాం. "దసరా నుంచి సంక్రాంతి వరకు, ఇంతకుముందు మా దగ్గర కొన్న బయటి ఊళ్ల ఖాతాదారుల నుంచి, కిలోకు తగ్గని ఆర్డర్లు నెలకు 30 రావాలి, కొరియరు, ప్యాకింగు పోగా ప్రతి ఆర్డరులోనూ టోకు అమ్మకం కంటే ఎక్కువ మిగలాలి." ఇందులో దిద్దవలసినది ఉంటే చెప్పండి.

సమాధానం: విజయనగరం వెబ్ డిజైనర్

చాలా బాగుంది. రెండు మార్పులు చేస్తాను. దసరా, దీపావళి రోజుల్లో సైటు లేకపోయినా జీడిపప్పు అమ్ముడుపోతుంది కనుక, ఈ సంఖ్యను వేసవితో పోల్చకండి. పోయిన ఏడాది అవే నెలల్లో ఫోను ద్వారా వచ్చిన బయటి ఊళ్ల ఆర్డర్లతో పోల్చండి. ఇక పాత ఖాతాదారుడికి మీ సైటు ఉన్నట్టు తెలియాలి కదా, ఇవాళ్టి నుంచి దుకాణంలో ఇచ్చే ప్రతి పొట్లం మీదా సైటు క్యూఆర్ కోడ్ అంటించండి. అది అంటించకుండా లక్ష్యం అందలేదని జనవరిలో సైటును తప్పుపట్టలేం. కొత్త సైటు అవసరం ప్రస్తుతానికి నాకు కనబడటం లేదు, మొదటి పేజీని మార్చితే చాలు.

తిరుగు సమాధానం: కాశీబుగ్గ వ్యాపారి

రెండూ చేర్చాను. పోయిన ఏడాది పార్సిళ్ల రసీదులు బీరువాలో ఉన్నాయి, వాటిని నెలలవారీగా వేరుచేసే పనికి నాన్నగారు ఈ సాయంత్రమే కూర్చున్నారు. సంక్రాంతి తరువాత అసలు అంకెలతో ఇక్కడే రాస్తాను.