ఏకే-47 జర్మన్ తుపాకీకి కాపీయేనా?

ములుగు_తమ్ముడు:
మేడారం జాతర బందోబస్తులో ఏకేలు చూసినప్పటి నుంచి మా రూమ్‌లో ఒకటే లొల్లి. రెండో ప్రపంచయుద్ధంలో జర్మన్లు వాడిన ఎస్‌టీజీ-44 రైఫిల్‌ను చూసి రష్యావాళ్లు దించేశారని మా దోస్తు వాదన. వంకర మ్యాగజైన్, గొట్టం మీద గ్యాస్ ట్యూబు, రెండూ ఒక్కతీరుగానే ఉన్నాయి. నిజమేనా అన్నా?

కాజీపేట_ఫిట్టర్:
తమ్మీ, పైరూపం చూసి తీర్పు చెప్పొద్దు. లోపల చూడాలె. తూటా పేలితే పుట్టిన గ్యాస్ గుండును ముందుకు తోస్తుంది. అందులో కొంత, గొట్టానికున్న చిన్న రంధ్రంలోంచి పైకొచ్చి పిస్టన్‌ను వెనక్కి తంతుంది. ఇంతవరకు రెండూ ఒకటే. తేడా అంతా బోల్ట్ దగ్గర, అంటే తూటా వెనక గొట్టాన్ని మూసే ఇనుప ముక్క దగ్గరుంది. గొట్టంలో ఒత్తిడి తగ్గేదాకా బోల్ట్ బిగిసి ఉండాలె, లేకుంటే తూటా ఖాళీ తొడుగు (కేసు) చీలి కాల్చేవాడి మొహానికే ప్రమాదం. జర్మన్ తుపాకీలో బోల్ట్ వెనక భాగం కిందికి వంగి తాళం పడుతుంది. మన పోలీసుల పాత ఎస్ఎల్ఆర్ రైఫిల్‌లోనూ అదే పద్ధతి. ఏకేలో బోల్ట్ గుండ్రంగా తిరిగి, రెండు చెవులను గాడుల్లో ఇరికించుకుంటుంది. పిస్టన్‌తో పాటు, బోల్ట్‌ను మోసే క్యారియర్ కాస్త వెనక్కి జరిగాకే బోల్ట్ తిరుగుతూ విడిపడుతుంది. అప్పుడు ఖాళీ కేసు బయట పడుతుంది, స్ప్రింగ్ మళ్లీ ముందుకు తోసి కొత్త తూటా ఎక్కిస్తుంది. ట్రిగ్గర్ వదలకుంటే నిమిషానికి సుమారు 600 సార్లు పేల్చే వేగం! తిరిగే బోల్ట్ అమెరికా గారండ్ రైఫిల్‌లో ముందే ఉంది. కాపీ అనేటోళ్లు ముందు దాని పేరు చెప్పాలె.

హన్మకొండ_చరిత్ర:
బోల్ట్ సంగతి ఒప్పుకుంటా అన్నా. కానీ అసలు ఆలోచన ఎవరిది? రైఫిల్ తూటా కంటే చిన్నది, పిస్టల్ తూటా కంటే బలమైనది. ఆ మధ్యరకం తూటాతో ఆటోమేటిక్‌గా కాల్చే రైఫిల్‌ను యుద్ధంలో పెద్ద ఎత్తున దించింది జర్మన్లే. పైగా ఆ తుపాకీ డిజైనర్ హ్యూగో ష్మైజర్‌ను 1946లో రష్యాలోని ఇజెవ్‌స్క్‌కు తీసుకుపోయారు. ఏకే తయారైంది ఆ ఊర్లోనే. ఇంకేం కావాలి?

కాజీపేట_ఫిట్టర్:
ఆలోచన జర్మన్లదే, దానికి దండం పెడతా. కానీ ఊరు ఒకటే అని పని ఆయనకు అంటగట్టొద్దు. ఏకే రూపకర్త కలష్నికోవ్ 1947 నమూనాను కోవ్‌రోవ్ అనే వేరే ఊర్లో చేశాడు, ఇజెవ్‌స్క్‌కు తర్వాతే వచ్చింది. ఇంకోటి చూడు. ఎస్‌టీజీ బాడీ రేకును అచ్చొత్తి చేసింది. ష్మైజర్ చెయ్యే పడి ఉంటే, మొదటి ఏకేల రేకు బాడీ అంత ఇబ్బంది ఎందుకు పెట్టింది? దాన్ని వదిలి ఇనుప దిమ్మెను మిల్లింగ్ చేసుకోవాల్సి వచ్చింది. మళ్లీ రేకుకు తిరిగొచ్చింది 1959లో, ఏకేఎం అనే మెరుగైన ఏకేతోనే.