‘యాక్సెప్ట్’కి ‘అంగీకరించు’ సరిపోతుందా?

పర్లాకిమిడిలో మా ఇంటి అరుగు మీద సాయంత్రాలు నలుగురు పిల్లలకి నెట్‌వర్క్ ప్రోగ్రామింగ్ చెబుతున్నాను. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా ఉన్న పిల్లలే ఎక్కువ. పాఠం తెలుగులోనే నడుస్తుంది. మొన్న సర్వర్ రాయడం మొదలుపెట్టగానే ఒక్క మాట దగ్గర ఆగిపోయాం: యాక్సెప్ట్, అంటే వచ్చిన కనెక్షన్‌ని తీసుకోవడానికి సర్వర్ ప్రోగ్రాం పిలిచే ఫంక్షన్.

ఒక కుర్రాడు ‘గ్రహించు’ అని రాసుకున్నాడు. ఒడియాలో ‘గ్రహణ’ అంటే పుచ్చుకోవడం, స్వీకరించడం. ఆ మాటే తెలుగులో తెలుసుకోవడంగా మారింది, గ్రహణమేమో సూర్యుడికీ చంద్రుడికీ మిగిలింది. పాతపట్నం నుంచి వచ్చే అమ్మాయి ఆ నోట్సు చూసి, సర్వర్ ఏదో అర్థం చేసుకుంటోంది కాబోలు అనుకుందట.

అసలు చిక్కు మాత్రం నేను చెప్పిన ‘అంగీకరించు’తో వచ్చింది. ప్రోగ్రాం ఒప్పుకునేదాకా కనెక్షన్ కుదరదని అందరూ అనుకున్నారు. అప్పుడు కనెక్షన్ల కోసం తలుపు తెరిచే లిజెన్ ఫంక్షన్‌ని పిలిచి, యాక్సెప్ట్ పిలవకుండా వదిలేసి, ఇంకో టెర్మినల్ నుంచి కనెక్ట్ చేయించాను. కనెక్ట్ అయిపోయింది! రెండు ముక్కలు పంపితే అవీ వెళ్లిపోయాయి. పిల్లలు తెల్లబోయారు.

పెళ్లితో పోల్చి చెప్పాను. మగపెళ్లివారు దిగగానే ఎదురు సన్నాహం చేసి విడిదికి చేరుస్తాం కదా, ఇక్కడ ఆ పని ఆపరేటింగ్ సిస్టమ్‌కి గుండెకాయ అయిన కెర్నల్‌ది. సిన్, సిన్-యాక్, యాక్ అనే మూడు పలకరింపులూ తానే పూర్తిచేసి, వచ్చిన కనెక్షన్‌ని వరసలో ఉంచుతుంది. ఆ వరసే విడిది. అందులో ఎందరు పడతారన్నది లిజెన్‌కి మనమిచ్చే బ్యాక్‌లాగ్. దానికి పైన లినక్స్ పెట్టిన హద్దు సోమాక్స్‌కాన్. అది చాలాకాలం 128 ఉండేది, 5.4 వెర్షన్ నుంచి 4096 అయింది. విడిది నిండితే కొత్తవారి పలకరింపుని మామూలుగా కెర్నలే వదిలేస్తుంది, వాళ్లు కాసేపాగి మళ్లీ ప్రయత్నిస్తారు. అంటే కాదనడం కూడా యాక్సెప్ట్ చేతిలో లేదు. విడిదిలో ముందున్నవారిని పందిట్లోకి తెచ్చుకోవడమే దాని పని.

అందుకే నా ఓటు ‘అందుకొను’కి. కెర్నల్ అందిస్తుంది, ప్రోగ్రాం అందుకుంటుంది. అందుకున్న ప్రతిసారీ చేతికి కొత్త సాకెట్, అంటే ఆ కనెక్షన్‌కి మనవైపు కొస, వస్తుంది, లిజెన్ చేస్తున్న పాత సాకెట్ గుమ్మం దగ్గరే ఉండిపోతుంది. ‘కొను’లో తనకోసం అన్న అర్థం ఎలాగూ ఉంది. మీరేమంటారు?

రాయగడ నుంచి: మాస్టారూ, మూలం చూస్తే అంగీకారం అంటే తన అంగంగా చేసుకోవడమే కదండీ. మీరు చెప్పే అర్థం అందులోనే ఉంది. ఉన్న మాటని వదలడం ఎందుకు?

జవాబు: మూలార్థం మీరన్నదేనమ్మా. కానీ పెళ్లిచూపులయ్యాక ‘అమ్మాయి అంగీకరించింది’ అంటే ఒప్పుకుందనే ఎవరైనా అనుకుంటారు. గిడుగు రామమూర్తిగారు బడిపాఠాలు చెప్పిన ఊళ్లో ఉంటూ, జనం నోట లేని అర్థాన్ని పిల్లల నెత్తిన పెట్టడానికి నాకు మనసొప్పదు.

బరంపురం నుంచి: అందుకొను బాగుంది అన్నయ్యా. మరి విడిదిలో ఎవరూ లేనప్పుడు? ఈవెంట్ లూప్‌లో కూడా ఈ మాట నిలబడుతుందా?

జవాబు: అక్కడే ఇంకా బాగా నిలబడుతుంది తమ్ముడూ. ఈవెంట్ పద్ధతిలో ప్రోగ్రాం విడిది గుమ్మంలో కాచుక్కూర్చోదు, ఈపోల్ అనే లినక్స్ సదుపాయం దానికి కబురు పెడుతుంది. లెవెల్ ట్రిగ్గర్ అయితే లోపల ఎవరైనా ఉన్నంతసేపూ, అడిగిన ప్రతిసారీ, ఉన్నారనే చెబుతుంది. ఎడ్జ్ ట్రిగ్గర్ అయితే కొత్తవారు దిగినప్పుడే కబురు. కబురు ఒక్కటే అయినా లోపల ముగ్గురుండొచ్చు. ఒక్కరిని అందుకుని వెనక్కి వచ్చేస్తే, ఇంకెవరో వచ్చేదాకా మిగతా ఇద్దరూ అక్కడే పడిగాపులు. మా కుర్రాడి సర్వర్‌లో సరిగ్గా ఇదే జరిగింది: ఒక్కొక్కరుగా వస్తే బాగానే ఉంది, నలుగురూ ఒకేసారి కలిపితే ఇద్దరికి జవాబు లేదు. రెండు సాయంత్రాలు వెతికాం, వాడికైతే ఒకటే టెన్షన్.

కాబట్టి ఈ-ఎగైన్ వచ్చేదాకా అందుకుంటూనే ఉండాలి. అది ఎర్రర్ లెక్కలో కనబడుతుంది గానీ, నిజానికి ‘ఇప్పటికి ఎవరూ లేరు’ అన్న జవాబు. లిజెన్ సాకెట్‌ని ముందే నాన్‌బ్లాకింగ్ (ఎవరూ లేకపోతే ఆగకుండా వెంటనే తిరిగొచ్చేలా) చేయడం మరవకూడదు. లేకపోతే ఆఖరిసారి ఖాళీ విడిదిలోకి చెయ్యి చాపి, లూప్ మొత్తం అక్కడే నిలిచిపోతుంది. లెవెల్ ట్రిగ్గర్‌లోనూ ఈ జాగ్రత్త అవసరమే, కబురు అంది మనం వెళ్లేలోపు ఆ కనెక్షన్‌ని పక్క ప్రాసెస్ అందుకుని ఉండొచ్చు.

సరిదిద్దిన కోడ్‌లో ఆ లూప్ పైన కుర్రాడు తెలుగులో కామెంట్ పెట్టాడు: ‘విడిది ఖాళీ అయ్యేదాకా అందుకో.’